కేకలేస్తే రిఫరీలు బాగుపడతారా?

అమెరికాలో వారాంతం వచ్చిందంటే పార్కులన్నీ పిల్లల సాకర్ మ్యాచ్‌లతో నిండిపోతాయి. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనూ, న్యూజెర్సీ ఊళ్ళలోనూ మైదానం గీత పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చునే తల్లిదండ్రుల్లో తెలుగువాళ్ళూ తక్కువేమీ కాదు. ఆ కుర్చీల్లోనూ, అవతలి గీత దగ్గర నిలబడే కోచ్‌ల నోటా, క్లబ్బుల సమావేశాల్లోనూ ఒకే మాట వినిపిస్తుంది. రిఫరీలు నాసిరకంగా ఉన్నారు కాబట్టే కోచ్‌లు అరుస్తున్నారట. రిఫరీల ప్రమాణం పెరిగిన రోజున ఈ గొడవలు వాటంతటవే సద్దుమణుగుతాయట. అంతవరకూ, తన పిల్లలకు అన్యాయం జరుగుతుంటే నోరు మూసుకుని చూసేవాడు అసలు కోచే కాదట. ఇలా అనేవాళ్ళు దుర్మార్గులేం కారు. చాలామంది పిల్లల మేలు కోరేవాళ్ళే, సొంత సమయం ఖర్చుపెట్టి ఆట నేర్పేవాళ్ళే. అయినా వాళ్ళ వాదన కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తోంది. రిఫరీయింగ్ బాగాలేక కేకలు పుడుతున్నాయనే కన్నా, ఏళ్ళ తరబడి పడుతున్న కేకల వల్లే రిఫరీయింగ్ బాగుపడకుండా ఉండిపోయిందనడం నిజానికి దగ్గర.

రిఫరీయింగ్ బాగుపడితే కేకలు తగ్గుతాయన్న మాటను పరీక్షించడం కష్టమేమీ కాదు. అది బాగుపడ్డ చోట ఏం జరిగిందో చూస్తే చాలు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2019-20 సీజన్‌లో వీడియో రిఫరీ పద్ధతి తెచ్చుకుంది. అంతకుముందు కీలక నిర్ణయాల్లో సరైనవి 82 శాతం అయితే, తర్వాత అవి 96 శాతానికి చేరాయని లీగే లెక్క చెప్పింది. లీగ్ తన గురించి తాను చెప్పుకున్న లెక్క కాబట్టి కొంత తగ్గించుకుని చూసినా, మెరుగుదల పెద్దదే. మరి కోచ్‌లు శాంతించారా? 2024లో వుల్వర్‌హాంప్టన్ క్లబ్ ఈ పద్ధతినే ఎత్తేయాలని తీర్మానం పెట్టింది. మిగతా 19 క్లబ్బులూ దాన్ని తోసిపుచ్చాయి గానీ, వాళ్ళలో రిఫరీలను తిట్టడం మానినవాళ్ళు ఎవరూ లేరు. 2023 మే 31న బుడాపెస్ట్‌లో జరిగిన యూరోపా లీగ్ ఫైనల్ సంగతి చూడండి. విజిల్ పట్టింది ఐరోపాలోని అగ్రశ్రేణి రిఫరీల్లో ఒకరైన ఆంథొనీ టేలర్. వెనక వీడియో గది, పక్కన సహాయకులు, చెవిలో ఇయర్‌పీస్ అన్నీ ఉన్నాయి. మ్యాచ్ అయ్యాక రోమా కోచ్ జోసే మోరీన్యో స్టేడియం పార్కింగ్ దాకా వెళ్ళి ఆయన్ని బూతులు తిట్టాడు. మర్నాడు విమానాశ్రయంలో టేలర్‌నూ, వెంట ఉన్న ఆయన కుటుంబాన్నీ అభిమానులు చుట్టుముట్టి వేధించారు. మోరీన్యోకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఆయనకిది కొత్తేమీ కాదు. 2005లో బార్సిలోనా, చెల్సీ మ్యాచ్ తర్వాత స్వీడన్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్ మీద ఆయన చేసిన ఆరోపణల దరిమిలా ఫ్రిస్క్‌కు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి, చివరికి ఆ రిఫరీ ఆటకే దూరమయ్యాడు. ప్రపంచంలో అత్యుత్తమ రిఫరీలు ఉన్నచోటే అరుపులు తగ్గలేదంటే, అరుపులకు మూలం రిఫరీ ప్రమాణంలో లేదన్నమాట. కింది స్థాయి కోచ్ టీవీలో చూసి నేర్చుకునేది ఈ పెద్దల వ్యూహాలు ఒక్కటే అయితే బాగుండేది.

అసలు కోచ్‌లు దేని మీద అరుస్తున్నారో వింటే ఇంకో సంగతి తేలుతుంది. బంతి చేతికి తగిలిన ప్రతిసారీ 'హ్యాండ్‌బాల్' అని కేక పడుతుంది. తగిలిన ప్రతిదీ నేరమని ఆట నియమాల్లో ఎక్కడా లేదు. కావాలని ఆడాడా, చేతిని అసహజంగా చాచి ఒంటిని పెద్దది చేసుకున్నాడా అన్నది చూడాలి. 'ముందు బంతినే తన్నాడు కదా, ఫౌల్ ఎలా అవుతుంది' అన్నది ఇంకో ప్రసిద్ధ ప్రశ్న. ముందు బంతికి తగిలినంత మాత్రాన తర్వాత ఎదుటివాడి కాలు విరగ్గొట్టే హక్కు రాదు. అజాగ్రత్తగా, ప్రమాదాన్ని లెక్కచేయకుండా, మితిమీరిన బలంతో ఆడాడా అన్నదే కొలత. 'లాస్ట్ మ్యాన్, రెడ్ కార్డు ఇవ్వాల్సిందే' అంటారు. నియమాల పుస్తకంలో 'లాస్ట్ మ్యాన్' అన్న మాటే లేదు. గోల్‌కు ఎంత దూరం, ఆట ఎటు సాగుతోంది, బంతి అదుపులోకి వచ్చే అవకాశం ఎంత, మిగతా డిఫెండర్లు ఎక్కడ, ఎందరు ఉన్నారు అనే నాలుగు విషయాలు తూచమని మాత్రం ఉంది. త్రో-ఇన్ నుంచీ, గోల్ కిక్ నుంచీ, కార్నర్ నుంచీ నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదన్నది మొదటి పాఠాల్లోనే వచ్చే విషయం. అయినా ప్రతి వారాంతం ఎక్కడో ఒకచోట త్రో-ఇన్ మీద 'ఆఫ్‌సైడ్' అని గీత పక్కనుంచి గర్జన వినిపిస్తూనే ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడనడం పాత జబ్బే. ఇక్కడ విశేషమేమిటంటే, మద్దెల ఎలా ఉండాలో తెలియకుండానే ఓడనడం.

నియమాలు తెలిసిన కోచ్ కూడా కంటికి కనపడేదాన్ని నమ్మి మోసపోతాడు. 2000లో డచ్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఆఫ్‌సైడ్ తప్పుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. లైన్స్‌మన్లు చేసే తప్పుల్లో చాలా వాటికి వాళ్ళ నిర్లక్ష్యం కారణం కాదని, నిలబడిన చోటు నుంచి కనిపించే కోణమే కారణమని వాళ్ళు చూపించారు. చివరి డిఫెండర్‌కు సరిగ్గా సమాంతరంగా కాక కాస్త ముందుకు నిలబడితే చాలు, ఎటువైపు ఎలాంటి తప్పు జరుగుతుందో ముందే ఊహించవచ్చట. శిక్షణ పొంది, ఆ ఒక్క పనికోసమే గీత వెంట పరిగెత్తే మనిషికే ఇలా ఉంటే, మైదానం మధ్యగీత దగ్గర ఏటవాలు కోణంలో నిలబడి, తన ఫార్వర్డ్ గోల్ కొట్టాలని మనసులో కోరుకుంటూ చూసే కోచ్ కంటికి ఏం కనపడుతుంది? చిన్న వయసు మ్యాచ్‌లలో చాలాచోట్ల లైన్స్‌మన్లే ఉండరు. ఒక్క రిఫరీ మైదానమంతా తిరుగుతూ ఆఫ్‌సైడూ ఫౌలూ బంతి బయటికెళ్ళిందా లేదా అన్నదీ అన్నీ తనే చూసుకోవాలి. అతను తప్పులు చేస్తాడు. ఆ తప్పుల్ని కోచ్ తనకన్నా బాగా పట్టగలడన్నది మాత్రం ఏ ఆధారమూ లేని నమ్మకం.

ఇంత తెలిసినా కోచ్‌లు అరవడం మానరు. ఎందుకంటే అరుపు పనిచేస్తుంది. ఈ సంగతి ఒప్పుకోవడానికి చాలామంది ఇష్టపడరు గానీ ఆధారం ఉంది. 2002లో ఇంగ్లండ్‌కు చెందిన ఆలన్ నెవిల్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. అర్హత ఉన్న 40 మంది రిఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్‌లోని 47 సందర్భాలను వీడియోలో చూపించి, ఏది ఫౌలో చెప్పమన్నారు. కొందరికి స్టేడియం గోల వినిపించారు, మిగతావాళ్ళకు శబ్దం లేకుండా చూపించారు. గోల విన్నవాళ్ళు సొంతగడ్డ జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. దృశ్యం అదే, ఆటగాళ్ళు వాళ్ళే, మారింది చప్పుడు మాత్రమే. 2020లో కోవిడ్ వల్ల ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు బయటి నుంచి వచ్చిన జట్ల మీద పడే ఎల్లో కార్డులు తగ్గాయని పలు అధ్యయనాలు తేల్చాయి. అంటే పక్కనుంచి పడే కేక, నిర్ణయాన్ని సరైన వైపు కాకుండా అరిచినవాడి వైపు వంచుతుంది. అనుభవజ్ఞుల తీర్పే ఇలా వంగుతుంటే, కొత్తగా విజిల్ పట్టినవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఒక పెనాల్టీ మీద ఐదు నిమిషాలు గోల చేసే కోచ్‌కు ఆ పెనాల్టీ రద్దు కాదని తెలుసు. జరిగిన ఆటకు సంబంధించి రిఫరీ నిర్ణయమే తుది అని అయిదో నియమం చెబుతోంది. అతను ఆ కేకతో కొనుక్కుంటున్నది తర్వాతి నిర్ణయాన్ని. దీనికి న్యాయం కోసం పోరాటమని పేరు పెట్టడం మోసం. అవతలి గీత దగ్గర ఇంకో కోచ్ కూడా ఇదే పని చేస్తుంటే, రెండు వైపుల నుంచీ వంచుతున్న తీర్పులో సరైనది దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. రిఫరీయింగ్ నాసిరకమని ఫిర్యాదు చేసేవాళ్ళే దాన్ని ఇలా నాసి చేస్తున్నారు.

ఇప్పుడా విజిల్ పట్టింది ఎవరో చూడాలి. అమెరికాలో 13 ఏళ్ళు నిండితే రిఫరీ కోర్సు చేయవచ్చు, ఇంగ్లండ్‌లో 14 ఏళ్ళు నిండాలి. ఎనిమిదేళ్ళ, పదేళ్ళ పిల్లల మ్యాచ్‌లకు వచ్చేవాళ్ళలో ఎందరో హైస్కూలు కుర్రాళ్ళు, అమ్మాయిలు. పాకెట్ మనీ కోసం, ఆట మీద ఇష్టంతో వస్తారు. ఇంగ్లండ్‌లో కొన్ని కౌంటీలు 18 లోపు రిఫరీలకు ఊదారంగు పట్టీ కట్టించాల్సి వచ్చింది, కనీసం అది చూసైనా ఎదుట ఉన్నది పిల్ల అని పెద్దవాళ్ళు గుర్తుపెట్టుకుంటారని. నలభై ఏళ్ళ మనిషి పద్నాలుగేళ్ళ అమ్మాయిని బడిలో నిలబెట్టి అలా అరిస్తే ఊరంతా గొడవ చేస్తుంది. మైదానంలో అరిస్తే మాత్రం ఆవేశం అంటాం. అమెరికా స్పోర్ట్స్ అఫీషియల్స్ జాతీయ సంఘం 2017లో అన్ని ఆటలకూ చెందిన 17,000 మందికి పైగా అంపైర్లను, రిఫరీలను అడిగింది. మైదానంలో సమస్యలు ఎక్కువగా ఎవరి వల్ల అంటే దాదాపు 40 శాతం మంది తల్లిదండ్రులని, దాదాపు 30 శాతం మంది కోచ్‌లని చెప్పారు. ఆ వరసలో ప్రేక్షకులు, ఆటగాళ్ళు చాలా వెనక ఉన్నారు. తల్లిదండ్రులే ముందున్నారు కదా, కోచ్‌లను ఎందుకు నిలదీయాలని అడగవచ్చు. గీత అవతల కూర్చున్న తల్లిదండ్రులకు ఆట తెలియకపోవచ్చు, కోచ్ ముఖం చూసే తమ పిల్లకు అన్యాయం జరిగిందో లేదో తెలుసుకుంటారు. కోచ్ చేతులు రెండూ పైకెత్తి ఆకాశం వైపు చూశాడంటే అక్కడ ఇరవై గొంతులు లేస్తాయి. కోచ్ ప్రశాంతంగా మార్పు ఆటగాణ్ణి పిలుచుకుంటే వాళ్ళూ కూర్చుంటారు.

ఈ అరుపుల ధరను లెక్క కట్టవచ్చు కూడా. 2018-19 తర్వాత మూడేళ్ళలో అమెరికా హైస్కూలు ఆటల నుంచి సుమారు 50,000 మంది అఫీషియల్స్ తప్పుకున్నారని ఆ దేశపు హైస్కూలు సంఘాల సమాఖ్య చెప్పింది. అందులో కోవిడ్ వాటా ఉంది, కాదనను. కానీ వెళ్ళినవాళ్ళు చెప్పే కారణాల్లో కోచ్‌ల, తల్లిదండ్రుల తీరు ముందుంటుంది. రిఫరీయింగ్ పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. ఎక్కడ నిలబడాలి, ఏ ఫౌల్‌ను వదిలేసి ఆట సాగనివ్వాలి, కోపంతో ఉన్న ఆటగాణ్ణి ఏ మాటతో చల్లబరచాలి అన్నవి వందల మ్యాచ్‌లు చేస్తేనే అబ్బుతాయి. మొదటి సీజన్‌లోనే మానేసిన కుర్రాడికి అవి ఎప్పటికీ రావు. అతని స్థానంలో వచ్చే సీజన్ ఇంకో కొత్తవాడు వస్తాడు. ఉన్నవాళ్ళు చాలక, నిన్న పదేళ్ళ పిల్లల మ్యాచ్ చేసినవాణ్ణి ఇవాళ పదిహేనేళ్ళ వాళ్ళ మ్యాచ్‌కు పంపుతారు. అప్పుడా కోచ్ మళ్ళీ అంటాడు, చూశారా, ఎంత పనికిమాలిన రిఫరీని పంపారో అని. ఆ పనికొచ్చే రిఫరీ మూడేళ్ళ క్రితం తను తరిమేసిన కుర్రాడే కావచ్చునన్న ఆలోచన అతనికి రాదు.

ఈ చర్చలో కొందరు తీవ్రమైన ఘటనలు తెస్తారు. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని అల్మెరాలో, కొడుకు ఆడే మ్యాచ్‌కు వలంటీర్ లైన్స్‌మన్‌గా వచ్చిన రిచర్డ్ న్యూవెన్‌హౌజెన్‌ను అవతలి జట్టు కుర్రాళ్ళు కొట్టారు, మర్నాడు ఆయన చనిపోయాడు. 2013లో అమెరికా యూటాలో ఎల్లో కార్డు చూపించినందుకు 17 ఏళ్ళ ఆటగాడు కొట్టిన దెబ్బకు రికార్డో పోర్టిలో అనే రిఫరీ వారం తర్వాత ప్రాణం విడిచాడు. ఈ చావులకు కోచ్‌ల కేకలే కారణమనడం అన్యాయం. ఆధారం లేకుండా అలా అనను. రిఫరీ మీద నోరు చేసుకోవడం ఒకటి, చేయి చేసుకోవడం మరొకటి. కానీ ఈ రెంటిలోనూ చెయ్యెత్తినవాళ్ళు ప్రధానంగా టీనేజి కుర్రాళ్ళు. నిర్ణయం నచ్చకపోతే ఎంతదాకా పోవచ్చన్నది ఆ వయసులో పెద్దవాళ్ళను చూసే తెలుసుకుంటారు, కోచ్ చెప్పే పాఠంలో ఆ భాగమూ ఉంటుంది. భారత ఫుట్‌బాల్ జట్టును 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకానికీ నడిపించిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. పిల్లల కోచ్ అనేవాడు అన్నిటికన్నా ముందు పంతులేనని గుర్తుచేయడానికి ఆయన పేరు ఎత్తాను.

ఎదురు వాదనల్లో బలమైనది భద్రత గురించి. రిఫరీ అదుపు తప్పితే పిల్లల కాళ్ళు విరుగుతాయి, అప్పుడు కూడా కోచ్ మాట్లాడకూడదా? తప్పకుండా మాట్లాడాలి. తలకు దెబ్బ తగిలిన పిల్ల ఇంకా ఆడుతుంటే, మైదానంలో ప్రమాదకరమైనది ఏదైనా ఉంటే, ఆట ఆపమని అడగడం అతని విధి. 2015లో అమెరికా సాకర్ సమాఖ్య పదేళ్ళు, ఆ లోపు పిల్లలు బంతిని తలతో ఆడకూడదని నిర్ణయించింది. రిఫరీ ఆ సంగతి మర్చిపోతే గుర్తుచేయాలి. ఆట ఆగినప్పుడు వెళ్ళి మామూలు గొంతుతో చెబితే వినని రిఫరీలు తక్కువ. ఆ తర్వాత లీగుకు రాతపూర్వకంగా నివేదిక ఇవ్వవచ్చు. భద్రత పేరుతో కేకలేసేవాళ్ళలో చాలామంది ఆ కేకను అవతలి జట్టు పిల్ల పడ్డప్పుడు ఎందుకు వేయరన్నది మాత్రం నాకు అర్థంకాని విషయం.

రిఫరీలకు జవాబుదారీతనం లేదన్నది ఇంకో అభ్యంతరం, ఇందులో నిజం ఉంది. చాలా లీగుల్లో కొత్త రిఫరీ పక్కన నిలబడి తప్పులు చూపించే అనుభవజ్ఞుడు ఉండడు. మొండిగా వ్యవహరించేవాళ్ళూ, పరిగెత్తకుండా మధ్యలో నిలబడి విజిల్ ఊదేవాళ్ళూ ఉన్నారు. క్లబ్బులు ఏటా పిల్లకు వేల డాలర్లు వసూలు చేస్తున్నాయి. అందులో కొంత మెంటర్ల మీద పెట్టడానికి లీగులు వెనకాడడం సిగ్గుచేటు. కానీ మ్యాచ్ మధ్యలో గీత దగ్గరి నుంచి వేసే కేక ఈ లోటును పూడ్చదు. ఏ పనివాడి తప్పునైనా అతను పని చేస్తుండగానే చుట్టూ ముప్పై మంది ఎదుట తిట్టి సరిదిద్దిన దాఖలా ఎక్కడా లేదు. మ్యాచ్ తర్వాత పది నిమిషాలు కూర్చుని మాట్లాడే మెంటర్ కావాలని ఉద్యమం చేసే కోచ్‌లు ఎందరున్నారు? ఆ డబ్బు తమ క్లబ్ ఫీజులోంచి పోతుందంటే ఎందరు ఒప్పుకుంటారు?

ఇక ఆవేశం ఆటలో భాగం, దాన్ని ఎవరు ఆపగలరు అన్న మాట. ఆపవచ్చు. మూల్యం చెల్లించాల్సి వస్తే ఆవేశం ఆశ్చర్యంగా అదుపులోకి వస్తుంది. రిఫరీతో వాదిస్తే ఆటగాణ్ణి పది నిమిషాలు బయట కూర్చోబెట్టే పద్ధతిని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2017-18 నుంచి 31 కింది స్థాయి లీగుల్లో ప్రయత్నించింది. వాదనలు 38 శాతం తగ్గాయి. 2019-20లో దాన్ని దేశమంతటా కింది స్థాయి ఆటకు విస్తరించారు. రగ్బీలో రిఫరీతో వాదిస్తే పెనాల్టీ కిక్ పది మీటర్లు ముందుకు జరుగుతుంది. అందుకే అక్కడ నూట పది కిలోల మనిషి కూడా చేతులు కట్టుకుని వింటాడు. ఇవి ఆటగాళ్ళకు సంబంధించినవి, కోచ్‌లకు ఎలా వర్తిస్తాయంటారేమో. ఆట నియమాలను నిర్ణయించే అంతర్జాతీయ బోర్డు 2019 నుంచి కోచ్‌లకూ ఎల్లో, రెడ్ కార్డులు చూపించే అధికారం రిఫరీకి ఇచ్చింది. బెంచీలో ఎవరు తిట్టారో తేలకపోతే ఆ కార్డు అక్కడున్న ప్రధాన కోచ్‌కే పడుతుంది. అధికారం ఉంది. దాన్ని వాడిన పద్నాలుగేళ్ళ రిఫరీ వెనక లీగు నిలబడుతుందా అన్నదే ప్రశ్న. కార్డు చూపించిన కుర్రాడి మీద ఆ కోచ్ వెళ్ళి ఫిర్యాదు చేస్తే, క్లబ్ ఫీజులు కట్టేది కాబట్టి అతని మాటే చెల్లుతుందని తెలిసినచోట ఆ కార్డు జేబులోంచి బయటికి రాదు. ఇంగ్లండ్‌లో 2023 నుంచి పదేపదే తప్పు చేసే కింది స్థాయి జట్ల పాయింట్లు కోస్తున్నారు. పెద్దవాడి నోటికి పిల్లల పాయింట్లు బలి కావడం న్యాయమా అనే ప్రశ్న సరైనదే. పిల్లల జట్లలో పాయింట్లు ముట్టుకోకుండా కోచ్‌నే నాలుగు వారాలు మైదానం దగ్గరికి రానివ్వకపోవడం మేలు. జట్టు ఆడుతుంది, అతను ఇంట్లో ఉంటాడు.

అమెరికాలో క్లబ్ కోచ్ అరవడానికి వెనక ఉన్న ఒత్తిడి కూడా తీసిపారేయదగ్గది కాదు. పిల్లలు గెలవకపోతే తల్లిదండ్రులు పక్క క్లబ్‌కు వెళ్ళిపోతారు, జీతం దాని మీదే ఆధారపడుతుంది. రిఫరీ మీద అరిచే కోచ్ నిజానికి కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులకే వినపడేలా, మీ పిల్లల కోసం నేను పోరాడుతున్నానని చెప్పుకుంటున్నాడు. అందుకే ఈ వ్యవహారాన్ని మంచిమాటలతో, పోస్టర్లతో నయం చేయలేం. 2008లో ఇంగ్లండ్ 'రెస్పెక్ట్' ఉద్యమం మొదలుపెట్టి, గీత పక్కన తాళ్ళు కట్టి, కరపత్రాలు పంచిన తర్వాత కూడా 2023లో కింది స్థాయి రిఫరీల ఒంటికి కెమెరాలు తగిలించే ప్రయోగం చేయాల్సి వచ్చింది.

నేను కోరేది ఒక్కటే. కోచ్ లైసెన్స్ కావాలంటే రిఫరీ కోర్సు పూర్తిచేసి ఉండాలి. ఏటా మూడు మ్యాచ్‌లకు, తన క్లబ్ కానివాటికి, తనే విజిల్ పట్టాలి. 1964లో లాస్ ఏంజిలస్ ప్రాంతంలో మొదలైన ఏవైఎస్‌ఓ అనే పిల్లల సాకర్ సంస్థలో ఇప్పటికీ రిఫరీలు ఎక్కువగా ఆ పిల్లల తల్లిదండ్రులైన వలంటీర్లే, కాబట్టి ఇదేమీ జరగని పని కాదు. కోచ్‌లు ఇప్పటికే అలసిపోతున్నారని, వారాంతాలన్నీ మైదానంలోనే గడిచిపోతున్నాయని, ఇంకో కోర్సు, ఇంకో మూడు పొద్దులు ఎక్కడి నుంచి తేవాలని వాళ్ళు అడుగుతారు. ఎనిమిదో తరగతి చదివే పిల్లలు హోంవర్కు చేసుకుని, తమ మ్యాచ్‌లు తాము ఆడుకుని, ఆ తర్వాత అదే కోర్సు పూర్తిచేసి వచ్చి వీళ్ళ తిట్లు తింటున్నారు. వాళ్ళకు దొరికిన తీరిక వీళ్ళకు దొరకదంటే నేను నమ్మను.